ఊపిరితిత్తులలో నెత్తురుగడ్డ - ఆయువు లెక్క



గత మాసమున మాకు వచ్చిన యుత్తరములలో నొకటి మమ్ము రెండు దినములు కలతపెట్టినది. వ్రాసిన సోదరి తన యూరు, పేరు తెలుపవద్దని కోరినది గనుక తెలుపము. ఆమె తల్లికి డెబ్బది తొమ్మిదేండ్లు. తుంటి యెముక విరిగి మంచము పట్టియుండగా నొకనాటి వేకువను హఠాత్తుగా ఆయాసము వచ్చినదట. ఆసుపత్రికి గొనిపోగా, నెత్తురుగడ్డ యొకటి పోయి ఊపిరితిత్తుల నాళములో నడ్డుపడినదని చెప్పిరట. "చీటిమీద నాలుగవ తరగతి యని వ్రాసినారు. ఉన్నవి ఐదు తరగతులేనట. ఆ మాట విన్నది మొదలు మా అన్నగారు అన్నము ముట్టుటలేదు. మా అమ్మ బ్రదుకునా? మీకు తెలిసినది దాచక వ్రాయుడు" అని యామె యడిగినది.

మేము వైద్యవిద్య చదివినవారము కాము. తండ్రిగారి యొద్ద ఇంటనే అమరమును, భారతమును, చరకసంహితలో కొంత భాగమును చదివి, యొక బడిపంతులుగారి యింట కాపురము చేయుచున్నవారము. ఐనను ఈ తరగతుల లెక్క మా గడప రెండుమారులు త్రొక్కినది. ఒకమారు మమ్ము నిష్కారణముగా నేడిపించినది. ఇంకొకమారు నిష్కారణమైన ధైర్యము నిచ్చి మోసపుచ్చబోయినది. ఆ రెండును జెప్పినచో సోదరి ప్రశ్నకు జవాబు వచ్చునని తోచి వ్రాయుచున్నాము.

రోగి బ్రదుకునా బ్రదుకడా యని ముందుగా నెఱుగవలెనను కోరిక వైద్యమంత ప్రాచీనమైనది. చరకసంహితలో ఇంద్రియస్థానమని పండ్రెండధ్యాయముల భాగ మొకటి కలదు. అది యంతయు మరణసూచకములను గూర్చినదే. రోగి వర్ణము, స్వరము, నీడ, కలలు, తుదకు వైద్యుని బిలువవచ్చిన మనుష్యుని వాలకము సైతము అందు పరిశీలింపబడినవి. ఆ దూతశకునములు చదివి చిన్నతనమున మేము నవ్వుకొంటిమి. కాని యా గ్రంథమే మఱియొకచోట రోగములను సుఖసాధ్యములు, కష్టసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని నాలుగు విధములుగా విభజించి, చికిత్సకు బూనుకొనుటకు ముందే యీ భేదము నెఱుగుమని వైద్యుని హెచ్చరించినది. ఇది నవ్వదగిన మాట కాదు. ఇప్పటి వైద్యులు చీటిమీద వ్రాయు తరగతియు నా జాతిదే. ఐతే వీరు పిలువవచ్చినవాని వాలకము చూడరు. రోగి నాడిని, ఊపిరిని, రక్తపు పోటును జూతురు.

మొదట రోగము సంగతి. కాలి పిక్కలలోనో తొడలలోనో లోతుగానుండు సిరలలో నెత్తురు పేరుకొని గడ్డకట్టును. ఆ గడ్డ తెగి, నెత్తురుతో బాటు పైకి బోయి, గుండె కుడిభాగమును దాటి, ఊపిరితిత్తులకు బోవు నాళములో నిరుకుకొనును. ఎక్కడనో కాలిలో బుట్టినది ఇక్కడ ప్రాణము దీయుచున్నదని పందొమ్మిదవ శతాబ్దమున కనుగొన్నవాడు జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్చో. ఆయన పుట్టిన దినమైన అక్టోబరు 13వ తేదినే నేడు ప్రపంచమున నెత్తురుగడ్డల రోగమును గూర్చి ప్రచారము చేయు దినముగా బాటించుచున్నారు.

ఈ రోగమున ఊపిరితిత్తులు చెడి మనుష్యులు పోవుదురని మేమనుకొనుచుంటిమి. అది సగమే నిజము. కాలువ తూములో గుఱ్ఱపుడెక్క యడ్డుపడినచో ఏమగును? పైవైపున నీరు నిలిచి గట్టుపై నొత్తిడి పెరుగును. క్రిందివైపు చేలు ఎండును. గుండె కుడి గది నెత్తురును ఊపిరితిత్తులలోనికి త్రోయవలయును. దారి మూతపడగా నది బలమంతయు బెట్టి త్రోసి త్రోసి ఉబ్బిపోవును. ఎడమ గదికి నెత్తురు చాలదు. నాడి పరుగెత్తును, రక్తపు పోటు పడిపోవును. ఈ రోగమున అకస్మాత్తుగా బోయినవారిలో బెక్కురు కుడి గుండె అలసి పోయినవారే. ఈ యొక్క సంగతి తెలిసినచో, వైద్యులు లెక్కలో నేమేమి చేర్చుదురో, ఎందుకు చేర్చుదురో తెలిసికొనుట కష్టము కాదు.

మందు లేనినాడు ఈ రోగ మెట్టిదో తెలుపు వృత్తాంత మొకటి కలదు. 1960లో ఇంగ్లండు దేశపు బ్రిస్టలు నగరమున బారిట్, జోర్డన్ అను వైద్యులు 35 మంది రోగులను బరీక్షించి ప్రకటించిరి. మందు పొందని 19 మందిలో ఐదుగురు ఊపిరితిత్తుల గడ్డవలననే మరణించిరి. నెత్తురు గడ్డకట్టకుండ జేయు మందు లిచ్చిన 16 మందిలో ఆ కారణమున నొక్కరును మరణింపలేదు. అది చూచి, మందులేని పక్షమున నింక నెవరిని నుంచుట ధర్మము కాదని యా పరీక్ష నాపివేసిరి. ఆనాటినుండి ఈ రోగమునకు మందు ఈయవలయునా వద్దా యను ప్రశ్న లేదు. ఎవరికి గండము దగ్గరనున్నది, ఎవరికి లేదు అను ప్రశ్న మాత్రము మిగిలినది. సోదరి చీటిమీది తరగతి ఆ ప్రశ్నకు బుట్టినదే.

2005లో ఔయెస్కీ అను స్విట్జర్లాండు వైద్యుడును ఆయన సహచరులును, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 186 ఆసుపత్రులలో ఈ రోగముతో జేరిన 15,531 మంది వృత్తాంతములను దీసికొని, వచ్చిన దినమున రోగి స్థితి యేమి, ముప్పది దినములలో నేమాయెను అని సరిపోల్చి చూచిరి. అందుండి పదునొకండు విషయముల పట్టిక నొకదానిని దయారుచేసిరి. మా మేనకోడలు వైద్యకళాశాలలో జదువుచున్నది; ఆమె మాకు దానిని కాగితముమీద వ్రాసి యిచ్చినది. మా వారు దానిని బడిలో లెక్కలు చెప్పినట్లే మాకు మఱల జెప్పిరి.

రోగికి ఎన్ని యేండ్లో అన్ని గుణములు మొదట వేయుదురు. పురుషుడైనచో 10 చేర్చుదురు. (ఈ యొక్కచోట స్త్రీజన్మమునకు పది తగ్గుట చూచి మేము మా వారి వంక జూచితిమి, వారు కళ్ళజోడు తుడుచుకొనిరి.) పుట్టకురుపు, అనగా క్యాన్సరు, ఉన్నచో 30. గుండె బలహీనపు రోగ ముండిన 10. బహుకాలపు ఊపిరితిత్తుల రోగ ముండిన మఱి 10. నాడి నిమిషమునకు 110 గాని అంతకు మించి గాని కొట్టుకొనుచున్న 20. పై రక్తపు పోటు 100 కంటె తక్కువైన 30. ఊపిరి నిమిషమునకు 30 గాని హెచ్చుగాని యైన 20. ఒడలి వేడిమి 36 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగిన 20. నెత్తురులో ప్రాణవాయువు నూటికి 90 కంటె తగ్గిన 20. ఇక అన్నిటికంటె పెద్దది మతి సంగతి: రోగి మగతలో బడి, మనుష్యులను బోల్చక మాటాడుచున్నచో 60. మెదడునకు నెత్తురు చాలుటలేదన్న మాట గదా అది!

మొత్తము 65 వఱకు మొదటి తరగతి. 85 వఱకు రెండవది. 105 వఱకు మూడవది. 125 వఱకు నాలుగవది. అంతకు మించిన ఐదవది. ముప్పది దినములలో మరణించువారు మొదటి తరగతిలో నూటికి ఇద్దఱికి లోపు. రెండవ దానిలో నలుగురికి లోపు. మూడవ దానిలో మువ్వురు మొదలు ఏడుగురు. నాలుగవ దానిలో నలుగురు మొదలు పదునొకరు. ఐదవ దానిలో పదిమంది మొదలు ఇరువదినలుగురు.

సోదరి యడిగినది నాలుగవ తరగతిని గూర్చి గదా. అన్నగారికి వినిపింపుడు: ఆ తరగతిలోని నూఱుగురిలో ఎనుబది యెనమండ్రకు దక్కువగాక నెలదినములు దాటి జీవించి యున్నారు. ఇంకొక మాట. మీ తల్లిగారి వయస్సే 79 గుణములు దెచ్చినది. ఆమె ఏ బాధయు లేక కూర్చుండి కాఫీ త్రాగుచున్నను రెండవ తరగతిలో నుండవలసినదే. దానిపై నాడికి ఇరువదియు, ప్రాణవాయువునకు ఇరువదియు జేరినచో 119 అగును. నాలుగవ తరగతి యన్నది పరీక్ష తప్పిన విద్యార్థికి వేసిన గుర్తు కాదు. ఆసుపత్రిలో నుంచి కనిపెట్టుచుండవలసిన మనిషి యనుటకు వేసిన గుర్తు.

మా యింట మొదటిమారు జరిగిన దిదే. మా పెద్దత్తగారికి ఎనుబది నాలుగవ యేట ఈ రోగము వచ్చినది. ఆమె లెక్క 124. "నాలుగవ తరగతి, ఇంకొక్క రెండు గుణములైన ఐదవదే" అను మాట ఆసుపత్రి వరండాలో నొకరి చెవినుండి ఇంకొకరి చెవికి బోయి, సాయంకాలమునకు "ఇక లేదన్నారట" గా మాఱినది. విశాఖపట్టణమునుండి ఒకరు, హైదరాబాదునుండి ఇద్దఱు కొడుకులు రాత్రికి రాత్రి దిగిరి. గంగాజలపు చెంబు వచ్చినది. ఆమె కాసులపేరు ఎవరికి జెందవలెనో యని ఇద్దఱు కోడండ్రు ముక్తసరిగా మాటాడుకొనుటయు మేము వింటిమి. పదునొకండవ దినమున ఆమె యింటికి వచ్చి, కాసులపేరు తానే మెడలో వేసికొని కూర్చున్నది. ఇప్పటికిని మాఘమాసము వచ్చిన అప్పడములపిండి తానే కలుపును. ఆ కోడండ్ర తగవు మాత్రము తీఱలేదు.

అంకెలో తప్పు లేదు. విన్నవారి చెవిలో నున్నది తప్పు. నూఱుగురిలో పదిమంది పోవుదురనగా మన మనస్సు ఆ పదిమందిలో మన మనిషిని గూర్చుండబెట్టి చూచును, తొంబదిమందిని జూడదు. ఏ యంకెయు ఈమె యా పదింటిలోనిదా తొంబదింటిలోనిదా యని చెప్పజాలదు. నారదుడు సావిత్రితో సత్యవంతుని యాయువు ఒక యేడాది యని దినముతో సహా చెప్పగలిగెను. వైద్యులకు నారదుని చూపు లేదు, తమకు కలదని వారనుటయు లేదు. సావిత్రికథ మేమెన్నిమారులు చదివినను మాకు వింతగా దోచున దొకటి కలదు. ఆమె ఆ మాట విని యేడ్చుచు గూర్చుండలేదు, దినములు లెక్కపెట్టుకొనినది. నాలుగు దినములున్నవనగా మూడురాత్రుల వ్రతము పట్టినది. ఆ దినమున భర్త వెంట అడవికి దానును బోయినది. గండ మెప్పుడో తెలియుటవలన ఆ సమయమున ప్రక్కన నుండగలిగినది. వైద్యుల తరగతియు ఇందులకే: ఎవరి మంచము ప్రక్కన రాత్రి మేలుకొని యుండవలయునో తెలిసికొనుటకు.

ఎవరిని ఇంటికి బంపవచ్చునో తెలిసికొనుటకు గూడను. 2011లో ఔయెస్కీగారే నాలుగు దేశములలోని 19 ఆసుపత్రులలో, మొదటి రెండు తరగతులకు జెందిన 344 మందిని రెండు పక్షములు చేసి, యొక పక్షమువారిని త్వరగా నింటికి బంపి, ఇంకొక పక్షమువారిని ఆసుపత్రిలో నుంచి మందిచ్చిరి. తొంబది దినములలో ఒక్కొక్క పక్షమున నొక్కరే మరణించిరి. కావున తక్కువ తరగతివారిని ఇంటికి బంపుట నిర్లక్ష్యము కాదు.

ఇక రెండవ కథ. ఇది వ్రాయుటకు మాకు చేయి వణకుచున్నది.

మా తోడికోడలికి ముప్పది యొకటవ యేట రెండవ కానుపు. కడుపు కోసి బిడ్డను దీసిరి. పుట్టింటిలో మంచము దిగనీయలేదు. పథ్యము పేర నీళ్ళును గ్లాసు లెక్కన నిచ్చిరి. పండ్రెండవ దినమున ఎడమ కాలు పిక్క వాచినది. బాలింతకు నీరు పట్టినదని యుప్పుకాపు పెట్టిరి. పదునాఱవనాడు బిడ్డకు బాలిచ్చి లేవబోయి, ఊపిరి యందక గోడ పట్టుకొని కూలబడినది. 108 బండిలో ఆసుపత్రికి గొనిపోయిరి. స్కానులో రెండు ఊపిరితిత్తులలోను గడ్డలు కనబడినవి.

ఆమె తండ్రిగారు చదువుకొనినవారు. ఈ లెక్కను ఫోనులో జూచి, గుమాస్తా వలె కాగితముపై వేసినారు. "వయస్సు 31. నాడి 124, దానికి ఇరువది. ప్రాణవాయువు 87, దానికి ఇరువది. మొత్తము 71. రెండవ తరగతి. డాక్టరమ్మగారూ, నూటికి నలుగురు గూడ పోని తరగతి యిది. పసిగ్రుడ్డు ఇంట నున్నది. సూదిమందు ఇంటనే వేయించుకొందుము, పంపుడు" అని పట్టుబట్టిరి. ఆయన కూడిక తప్పు కాదు. మేమును నమ్మితిమి. ఇంటికి దెచ్చుటకు గది కూడ కడిగించితిమి.

ఆ పెద్ద డాక్టరమ్మగారు కోపింపక, మమ్మందఱను గూర్చుండబెట్టి చెప్పిరి. "లెక్క సరియే. కాని యీ లెక్కలో సగము వయస్సే. ముప్పదియేండ్ల మనిషి యెంత జబ్బుపడినను త్వరగా పై తరగతికి ఎక్కదు. ఈమె రక్తపు పోటు 104, ఊపిరి 28. ఇంక రెండు శ్వాసలు హెచ్చి, పోటు అయిదు తగ్గినచో ఈ 71 కాస్త 121 అగును. అది ఒక గంటలో జరుగవచ్చును. పైగా యీ పట్టికలో గుండె బొమ్మ లేదు" అనిరి. ఎకో పరీక్షలో కుడి గది ఉబ్బి, యెడమదానిపై కొరగుచున్నది. గుండె కండకు దెబ్బ తగిలినపుడు నెత్తురులోనికి వచ్చు ట్రోపోనిన్ అను పదార్థము హెచ్చుగా నున్నది.

2010లో మాడ్రిడు నగరపు వైద్యుడు హిమేనెస్ మొదలగువారు పెద్ద పట్టికను గుదించి ఆఱు ప్రశ్నలు చేసిరి: ఎనుబదియేండ్లు దాటినవా, క్యాన్సరు కలదా, దీర్ఘమైన గుండెజబ్బు గాని ఊపిరితిత్తుల జబ్బు గాని కలదా, నాడి 110కి చేరినదా, పోటు నూటికి తగ్గినదా, ప్రాణవాయువు తొంబదికి తగ్గినదా? ఒక్కటియు లేనివారిలో ముప్పది దినములలో నూటికి ఒక్కరు పోయిరి. ఒక్కటి యున్నను దాదాపు పదునొకరు. మా తోడికోడలికి రెండు ఉన్నవి. ఒకే మనిషి, ఒకే గంట. ఒక పట్టికలో తక్కువ గండము, ఇంకొకదానిలో హెచ్చు గండము! 2019లో ఐరోపా హృద్రోగ వైద్యసంఘమువారు, గుణములు తక్కువ వచ్చినను కుడి గుండెను జూడక నిశ్చయింపరాదని వ్రాసిరి. బొమ్మయు చెడి, ట్రోపోనిన్‌ను హెచ్చిన రోగులను, పోటు నిలిచియున్నను, నడిమి గండములో పై మెట్టువారని వేఱుచేసిరి. వారిని కంటికి ఱెప్పవలె గాచుచుండవలయును.

ఇంటికి బంపరని తెలియగానే మా మఱది ఇంకొక కొస పట్టుకొనెను. "గుండె అలసినదన్నారు గదా, గడ్డను గరిగించు బలమైన మందు ఇప్పుడే యేల వేయరు? డబ్బు కొఱకా, జాప్యము కొఱకా?" అని యాడరాని మాటలాడెను. దానికిని జవాబున్నది. 2014లో ఇట్టి నడిమి గండముననున్న వేయిమందికి పైగా రోగులకు, సగముమందికి కరిగించు మందు టెనెక్టెప్లేస్‌ను, మిగిలినవారికి అది లేకయు నిచ్చి చూచిరి. గడ్డకట్టకుండ జేయు హెపారిను అందఱికిని ఇచ్చిరి. ఏడు దినములలో మరణించుటయో కుప్పకూలుటయో మందు పొందినవారిలో నూటికి 2.6, పొందనివారిలో 5.6. మేలే. కాని మెదడు పోటు, చాలవఱకు మెదడులో నెత్తురు చిమ్ముటవలన, మందు పొందినవారిలో నూటికి 2.4, పొందనివారిలో 0.2. పదునాఱు దినముల పచ్చి గాయము కడుపులో నున్న బాలింతకు ఆ మందు వేయుట యెట్టిదో వేఱుగ జెప్పనక్కఱలేదు. "పోటు పడినచో ఒక్క నిమిషము ఆగము, వేయుదుము. పడువఱకు చేతిలో బట్టుకొని చూచుచుందుము" అనిరి డాక్టరమ్మగారు.

ఆ రాత్రి నాడి 132కు బోయినది. పోటు 98, మఱల 101, మఱల 97. అద్దపు తలుపు వెలుపల మేము, మా మఱది నిలువుకాళ్ళపై నుంటిమి. లోపల నొక నర్సమ్మ స్టూలుపై గూర్చుండి ఆ తెఱ వంక జూచుటయే పనిగా తెల్లవార్లు చూచినది. ఆమె కునుకు దీయుట మేమెఱుగము. వేకువ నాలుగింటికి నాడి 118. మూడవనాడు 96. కరిగించు మందు పెట్టె విప్పనే లేదు. తొమ్మిదవనాడు ఇంటికి దెచ్చుకొంటిమి. ఆ కడిగించిన గదికి ఆమెను మొదటినాడే దెచ్చియుండినచో ఆ రాత్రి పోటు 97ను జూచువా రెవ్వరు? మాయింట తెఱయు లేదు, నర్సమ్మయు లేదు. నిద్రపట్టని మేము మాత్రముందుము, మాకు జూడ దెలియదు.

గర్భిణులను, బాలింతలను ఈ పట్టికలకు బూర్తిగా నప్పగింపరాదని మా మేనకోడలును జెప్పినది. ఇంటికి బంపదగిన రోగులను ఏర్పఱచుటకు హాలండు దేశపు వైద్యులు 2011లో ఇంకొక పద్ధతిని బ్రకటించిరి. దానికి హెస్తియా యని పేరు. గ్రీకుల పురాణములలో ఇంటి పొయ్యికి అధిదేవత పేరట యది. మాకు మిక్కిలి నచ్చినది. అందు కూడికలు లేవు, పదునొకండు ప్రశ్నలు మాత్రమే. రక్తపు పోటు నిలుకడగా నున్నదా యనునది మొదలు, ఇంట జూచువారు లేకపోవుట వంటి కారణములు కలవా యనువఱకు అడుగుదురు. ఒక్కదానికి ప్రతికూలమైన జవాబు వచ్చినను ఆసుపత్రియే. గర్భవతియా యనునది యందొక ప్రశ్న. అట్లు ఇంటికి బంపిన 297 మందిలో మూడు నెలలలో మువ్వురు మరణించిరి గాని, గడ్డవలన పోయినవా రొక్కరును లేరు. ఇంట జూచువారున్నారా యని వైద్యు లడుగుట మాకు గౌరవముగా దోచినది. మన పని వారి లెక్కలోనికి వచ్చినది.

తోడికోడలికి హెపారిను సూదులు మేమే పొట్టపై వేసితిమి. ఈ సూదులు గాని వార్ఫరిను మాత్రలు గాని పాలిచ్చు తల్లికి తగును; క్రొత్తరకపు మాత్రలు పాలిచ్చునంత కాలము వలదనిరి. వార్ఫరిను వేసికొనువారు ఆకుకూరలు మానవలసిన పనిలేదు. ఒకవారము తోటకూరయే తిని ఇంకొకవారము ముట్టకుండుట మాత్రము కూడదు, పరిమాణ మొకే తీరున నుండవలయును. ఇక కాన్పయిన ఆఱు వారములు ఈ గడ్డల భయము హెచ్చని యెఱిగి, మా యింట ఇప్పుడు బాలింతను వైద్యులు చెప్పిన దినమునుండియే నడిపించుచున్నాము. నీళ్ళ చెంబు మంచము ప్రక్కనే యుండును. ఒక కాలే వాచిన ఉప్పుకాపు పెట్టము. హఠాత్తుగా ఆయాసము, ఊపిరి పీల్చిన పొడుచునట్టి ఱొమ్మునొప్పి, దగ్గులో నెత్తురు, సొమ్మసిల్లుట - వీనిలో నేది కనబడినను ముహూర్తము చూడక 108కి ఫోను చేయుదుము.

ఇక ఉత్తరము వ్రాసిన సోదరికి. మీరు తరగతి వ్రాసినారు గాని, అమ్మగారి నాడి యెంత, పోటు యెంత, ఎకోలో కుడి గుండె యెట్లున్నది యనునవి వ్రాయలేదు. వైద్యుని దగ్గఱకు అన్నగారిని గాదు, మీరే పొండు. ఆ మూడును అడుగుడు. తరగతి వేసినది చేరిన దినముననో, ఆ తరువాతనో యడుగుడు. చేరిన దినపు తరగతి ఆ దినపుదే. నాడి దిగుచున్నదా, ప్రాణవాయువు గొట్టము తీసిన ఎంత నిలుచుచున్నదో యడుగుడు. మీ యుత్తరము మాకు జేరుటకే తొమ్మిది దినములు పట్టినది. అమ్మగారు ఆ తొమ్మిది దినములును దాటియున్నచో, ఆ విషయము వెంటనే ఒక కార్డుముక్కపై మాకు వ్రాయుడు.